పదకొండో పల్లం

ఒహాయోలో ఒక చిన్న ఊళ్ళో, కార్ల మఫ్లర్లు తయారుచేసే కంపెనీలో, డెబ్భైల చివరినుంచి దాదాపు పదేళ్ళు నా ఉద్యోగం శబ్దం కొలవడం. ఇంజన్ మోత ఎంత తగ్గిందో మిషన్‌తో కొలిచి, కాగితం మీద గీత గీయించి, కింద సంతకం పెట్టేవాణ్ణి. ఆ సంతకం మీద నాకు కాస్త పొగరుండేది. ఫ్యాన్ కిర్రుమంటే నిద్రపట్టని మనిషిని. పెళ్ళిలో మైకు పెడితే భోజనం మధ్యలో లేచిపోయిన మనిషిని. మా ఆవిడ నాకు చెవులు ఎక్కువ, వినడం తక్కువ అంటుండేది. అప్పట్లో ఆ మాటకి ఒళ్ళు మండేది.

మా ల్యాబ్‌కి కావలసిన ఇనప భాగాలన్నీ లేత్ మీద తీసిచ్చేది ఒక మెషినిస్టు. అరవై దాటిన తెల్లాయన, ఊరికి కొంచెం దూరంలో సొంత పొలం. నాకు డాక్టరేటు లేదని ఎన్నిసార్లు చెప్పినా నన్ను "డాక్" అనే పిలిచేవాడు. వద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పినా నేను "సర్" అనే పిలిచేవాణ్ణి. మొండితనంలో ఇద్దరం ఒకరికొకరం తీసిపోయేవాళ్ళం కాదు.

ఎనభైల మొదట్లో ఒక ఏప్రిల్ నెలలో, లంచ్ టైమ్‌లో ఆయన నా బల్లమీద నూనె గుడ్డలో చుట్టిన వస్తువొకటి పెట్టాడు. జానెడు కన్నా కొంచెం పొడుగున్న నల్లటి గొట్టం. తుపాకి మూతికి బిగించి మోత తగ్గించే సప్రెసర్ అది. అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, చల్లగా ఉంది.

"ఇంట్లో మూడు రైఫిల్స్ ఉన్నాయి డాక్. ఒక ట్వంటీ టూ, ఒక టూ ట్వంటీ త్రీ, ఒక త్రీ నాట్ ఎయిట్, తూటా సైజుల్లో చిన్నదాన్నుంచి పెద్దదాకా. మూడింటికీ ఇదొక్కటే."

"ఒక ఇంజన్ మఫ్లర్ తీసి ఇంకో ఇంజన్‌కి తగిలిస్తే మా బాస్ నన్ను ఇంటికి పంపించేస్తాడు సర్" అన్నాను.

"నేను అన్నిటికన్నా పెద్ద తూటాకి సరిపోయేది కొన్నాను. పెద్ద కన్నంలోంచి చిన్న తూటా పోతుంది. చిన్న కన్నంలోకి పెద్ద తూటా కాలిస్తే మాత్రం గొట్టమే ఉండదు, ఒక్కోసారి చెయ్యి కూడా ఉండదు."

ఒక్కటి కొనడానికే ఫెడరల్ గవర్నమెంటు పర్మిషన్, వేలిముద్రలు, షెరీఫ్ సంతకం, నెలల తరబడి ఎదురుచూపు. మూడు కొనే ఓపిక ఆయనకి లేదు. ఒక్కో తుపాకి మూతికి ఒక్కో సైజు మర ఉంటుంది కాబట్టి, మధ్యలో బిగించే అడాప్టర్లు ఉన్నాయి. పెద్ద కన్నంలో చిన్న తూటా వెళ్తే చుట్టూ ఖాళీ మిగిలి కొంత మోత బయటికి జారుతుంది. ఎంత జారుతుందో ఆయనకి తెలియాలి. నేను సంబరపడ్డాను, ఇది నా సబ్జెక్టు. తర్వాత ఆయన అసలు విషయం చెప్పాడు.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, పొలంలో ఉన్న చెరువు దగ్గర కంచె దాటుతుండగా చేతిలో తుపాకి పేలి చనిపోయాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయన తుపాకి ముట్టుకోలేదు. కానీ గ్రౌండ్‌హాగ్‌లని అక్కడ పందికొక్కులకి పెద్దన్నల్లాంటివి ఉంటాయి. అవి చెరువు గట్టుని, గడ్డీ సామానూ పెట్టుకునే బార్న్ పునాదిని తవ్వేస్తున్నాయి. బోనులు పెట్టాడు, పొగ పెట్టాడు, లాభం లేకపోయింది. చివరికి భార్య చెవిన పడకుండా కాల్చాలని ఈ గొట్టం తెచ్చుకున్నాడు.

"ఎంత మెల్లిగా కాల్చినా ఆమెకి తెలిసిపోతోంది" అన్నాడు. "ఇంట్లోకి రాగానే ఎన్నిసార్లు కాల్చానో లెక్క చెప్తుంది. ఆ లెక్క కూడా తప్పే. ఎప్పుడూ ఒకటి ఎక్కువ చెప్తుంది."

భార్యకి అప్పటికే కొంచెం మతిమరుపు మొదలైందట. లేని చప్పుళ్ళు వినిపిస్తున్నాయంటే పరిస్థితి ముదిరినట్టేనని, ఇంట్లో ఒంటరిగా వదలడం మంచిది కాదని డాక్టర్ అన్నాడు. నర్సింగ్ హోమ్‌లో ఒక గది ఖాళీ అవబోతోంది.

"ఆమెకి నిజంగా వినిపిస్తోందా, లేక తలలో మోగుతోందా? నీ మిషన్ చెప్తుందా డాక్?"

"మిషన్ అబద్ధం చెప్పదు సర్" అన్నాను. ఆ మాట ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

శనివారం సాయంత్రం సామానంతా కార్‌లో వేసుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. తెల్ల చెక్క ఇల్లు. దాని వెనక పల్లంలో చెరువు, చెరువు దాటాక చిన్న మిట్ట మీద బార్న్. ఇంటికీ బార్న్‌కీ పావు మైలు ఉంటుంది. కార్ దిగీ దిగగానే కప్పల గోల చెవుల్ని పట్టుకుంది. అక్కడి కప్పలు మనవాటిలా బెకబెకమనవు. గోరంత ఉండి, ఈలలు వేస్తాయి. వేల ఈలలు ఒకేసారి, ఊపిరి తీసుకోకుండా. నా కొలతకి ఇంతకంటే పెద్ద అడ్డం ఉండదని వాటిని తెలుగులో నాలుగు తిట్టాను.

ఆయన భార్య సన్నగా, పొడుగ్గా ఉంది. జుట్టు వెనక్కి లాగి ముడేసుకుంది. నన్ను లోపలికి పిలిచి, అడక్కుండానే కాఫీ ఇచ్చి, మళ్ళీ వంటింటి బల్ల దగ్గర కూచుంది. సూప్‌కి ఎండు చిక్కుడు గింజలు ఏరుతోంది. నేనెందుకు వచ్చానో ఆమెకి ఏం చెప్పాడో తెలియదు. ఆవిడా అడగలేదు. కిటికీ దగ్గర మైక్రోఫోన్ నిలబెట్టి, పేపర్ రోల్ తిరిగే రికార్డర్‌కి కలిపాను. చప్పుడు పెరిగితే దాని పెన్ను పైకి లేస్తుంది. కప్పల ఈలలకే గీత కాగితం మధ్యకి ఎగబాకి, అక్కడే సన్నగా వణుకుతూ సాగింది.

ఆయన బార్న్ వెనక తన పికప్ ట్రక్ దగ్గర మొదలుపెట్టే ముందు నాకొకటి చూపించాడు. గొట్టాన్ని ఏ తుపాకికి బిగించినా, ముందు వంకరలేని సన్నటి కడ్డీ ఒకటి బ్యారెల్‌లోంచి పంపి, గొట్టం అవతలి కన్నంలో అది సరిగ్గా నడిమధ్యన ఉందో లేదో చూస్తాడు. వెంట్రుకవాసి పక్కకి ఉన్నా విప్పేసి మళ్ళీ బిగిస్తాడు. మూడు తుపాకులకీ మూడుసార్లూ చూడాల్సిందే. "ఒక్కసారి చూసుకోకపోతే చాలు" అన్నాడు. నాకు కొడుకు సంగతి గుర్తొచ్చింది. ఇద్దరం వాచీలు కలుపుకున్నాం. మొదట త్రీ నాట్ ఎయిట్‌తో మూడు, తర్వాత టూ ట్వంటీ త్రీతో మూడు, చివర ట్వంటీ టూలో నెమ్మదిగా పోయే తూటాలతో నాలుగు. మొత్తం పది. టైమ్ ఆయన రాసిపెడతాడు.

నేను వంటింట్లోకి వచ్చి, కాగితం కొత్తగా మొదలుపెట్టి కూచున్నాను. మొదటి తూటా పేలినప్పుడు ఆకాశంలో ఎవరో కొత్త గుడ్డ చించినట్టు వినపడింది. మోతని గొట్టం మింగినా, గాలిని చీల్చుకుపోయే తూటా చప్పుడుని ఏ గొట్టమూ ఆపలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ చప్పుడు వెనక పొలంలోంచి కాక, ఇంటి ముందు రోడ్డువైపునుంచి వచ్చింది. అవతల చెట్లకి కొట్టుకుని వచ్చిందని లెక్క తేలడానికి నాకు రెండు క్షణాలు పట్టింది. అప్పటికే తల తప్పు కిటికీవైపు తిప్పేశాను. ఆవిడ తిప్పలేదు. ఏరుతున్న గింజల్లోంచి ఒకటి తీసి బల్ల అంచున పెట్టింది.

ఆరు తూటాలకి ఆరు గింజలు. అందులో వింతేమీ లేదు, నాకూ వినిపించాయి. కాగితం మీద పెన్ను ఆరుసార్లు పైకి ఎగిరింది.

తర్వాత ట్వంటీ టూ. నేను వాచీ చూస్తూ, ఊపిరి బిగబట్టి విన్నాను. కప్పల ఈలలు, గోడ గడియారం, నా కాలర్ మెడకి రాసుకోవడం, అంతే. పెన్ను కదల్లేదు. ఆవిడ ఒక గింజ తీసి అంచున పెట్టింది. మూడు నిమిషాలకి ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. నాలుగోది పెట్టేసరికి నేను వాచీ వదిలేసి ఆమెనే చూస్తున్నాను. ఆమె కళ్ళు కిటికీవైపు లేవు, నా మిషన్‌వైపు లేవు. గిన్నెలోనే ఉన్నాయి.

పది అయిపోయాయి, ఇక లేవొచ్చు అనుకున్నాను. కొన్ని నిమిషాలు గడిచాయి. ఆవిడ పదకొండో గింజ తీసి పెట్టింది. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలు గింజ మీదే ఆనించి, కదలకుండా కూచుంది. ముఖంలో రక్తం లేదు. వంటిల్లు ఉన్నట్టుండి పెద్దదైపోయినట్టు, గోడలు దూరం జరిగినట్టు అనిపించింది నాకు. ఎందుకో తెలియలేదు. చాలాసేపటికి వాకిట్లో భర్త బూట్లు దులుపుకునే చప్పుడు వినిపించింది. అప్పుడు చెయ్యి తీసి, లేచి స్టవ్ వెలిగించింది.

"మీకెలా వినిపిస్తోందండీ?" అని ఉండబట్టలేక అడిగాను.

"వినిపించదు. అదే కదా" అంది.

ఆ జవాబుతో ఆవిడ మతి సరిగ్గా లేదని నాకు ఖాయమైపోయింది. సోమవారం ఆఫీస్‌లో ఆయనకి చెప్పేశాను. ట్వంటీ టూ చప్పుడు ఇంటిదాకా చేరడం లేదు, మనిషి చెవికి అందే అవకాశమే లేదు. పైగా పదికి పదకొండు లెక్కపెట్టింది. డాక్టర్‌కి చూపించడానికి రాసిమ్మన్నాడు. రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "గది ఖాళీ అయింది. ఆదివారం తీసుకెళ్తాను" అని లేత్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

శుక్రవారం సాయంత్రం ఆ పేపర్ రోల్‌ని ముక్కలు చేసి ఫైల్ చేద్దామని మా అపార్ట్‌మెంట్ హాల్లో కార్పెట్ మీద పరిచాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చూసింది. ఈ దేశం వచ్చి అప్పటికి రెండేళ్ళయింది తనకి. నా పని గురించి ఎప్పుడూ అడిగేది కాదు.

"ఏవండీ, ఇక్కడ గీత కిందకి పడిపోయిందేంటి?"

"అదేం లేదు, పైకి లేచింది చూడాలి."

"పైది సరేనండీ. పడింది కూడా గీతే కదా?"

విసుక్కోబోయి ఆగాను. నేను పెన్సిల్‌తో పైకి లేచిన చోట మాత్రమే గుర్తులు పెట్టాను. ప్రతి గుర్తు పక్కనా గీత దిగజారి, కాసేపు అట్టడుగున పాకి, మెల్లిగా మళ్ళీ పైకి ఎక్కింది. గుర్తు లేని చోట కూడా అలాంటి పల్లాలే ఉన్నాయి. ఆయన రాసిచ్చిన టైమ్‌లు తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ట్వంటీ టూ పేల్చిన నాలుగు టైమ్‌ల దగ్గరా నాలుగు పల్లాలు.

"అప్పుడు అక్కడ మోగుతున్నదేంటండీ?" అంది.

"కప్పలు."

మా ఆవిడ నేల మీద కూచుంది. వాళ్ళది గోదావరి లంకల వైపు. "మా నాన్నగారు రాత్రిపూట చేలో నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవారు కదా. లాంతరు గాలికి ఆరిపోయేది, మనిషి కనపడేవారు కాదు. మా అమ్మ అరుగు మీద కూచుని, అదిగో కాలవ దాటారు, అదిగో మన మడిలో దిగారు అని చెప్పేది. మనిషి అడుగు పెట్టిన చోట కప్పలు ఆగిపోతాయండీ. ఆవిడకి తుపాకి వినపళ్ళేదేమో. కప్పలు ఆగడం వినపడి ఉంటుంది."

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. చప్పుడు పెరగడాన్నే చప్పుడనుకున్నాను. తగ్గడం కూడా వినిపిస్తుందని, దాన్ని ఇరవై అడుగుల కాగితం మీద నా మిషనే రాసిపెట్టిందని చూడలేదు. ఆ రోజు వంటిల్లు పెద్దదైపోయినట్టు ఎందుకు అనిపించిందో ఇప్పుడు తెలిసింది. నాకూ వినిపించిందది, నేనే వినలేదు. నా సంతకంతో ఒక మనిషిని పిచ్చిదాన్ని చేసి ఇల్లు దాటిస్తున్నాను. పల్లాలు మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండు ఉన్నాయి. పదకొండోది మిగతావాటిలా అర నిమిషంలో తేరుకోలేదు, నాలుగు నిమిషాలపైన అడుగునే ఉంది. ఆ టైమ్‌కి ఆయన కాగితంలో ఏమీ రాసి లేదు.

మర్నాడు సాయంత్రం ఇద్దరం వెళ్ళాం. గుమ్మం పక్కన చిన్న సూట్‌కేస్ సర్దిపెట్టి ఉంది. రోల్‌ని వాకిట్లో ఉన్న ఆయన ట్రక్ బానెట్ మీద పరిచి, ఒక్కో పల్లం మీద వేలు పెట్టి చూపించాను. గీతలు చదవడం ఆయనకి ఒకరు నేర్పాల్సిన పని కాదు. పదో పల్లందాకా తల ఊపుతూ వచ్చాడు.

"మీరు పదే కాల్చానన్నారు" అన్నాను. "మరి ఇదేంటి సర్?"

ఆయన ఆ పల్లం మీద వేలు పెట్టి, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా జరిపాడు.

"అది కాల్చింది కాదు" అన్నాడు చివరికి. "పని అయ్యాక చెరువు దగ్గరికి దిగుతాను. ప్రతిసారీ. వాడు పడ్డ చోట కాసేపు నిలబడి వస్తాను. ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు."

వంటింటి తలుపు దగ్గర ఆవిడ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో మేం చూడలేదు.

"ఆ రోజు నేను సెల్లార్‌లో ఉన్నాను" అంది. మమ్మల్ని కాదు, ఆయన్నే చూస్తూ. "జాడీలు సర్దుతున్నాను. తుపాకి మోత నాకు వినపడలేదు. మెట్లెక్కి పైకి వచ్చేసరికి చెరువు నిశ్శబ్దంగా ఉంది. కొంగ వాలిందేమో అనుకున్నాను. కప్పలు మళ్ళీ మొదలెట్టేదాకా నిలబడి, తర్వాత వాడికి కంచం పెట్టాను."

ఆయన బానెట్ మీద చేతులు ఆనించుకుని తల వంచుకున్నాడు.

"నీ తుపాకి మోగితే నువ్వేనని తెలిసేది నాకు" అంది. "అది మోగకుండా కప్పలు ఆగిపోతే, నువ్వు గుమ్మంలోకి వచ్చేదాకా నాకేం తెలుస్తుంది?"

భార్యని కాపాడదామని ఇన్నాళ్ళుగా, మూడు తుపాకులకీ మర మార్చి మార్చి, కడ్డీతో చూసి చూసి, ఆయన ఆ గొట్టం బిగించాడు. బిగించిన ప్రతి సాయంత్రమూ ఆవిడకి ఆ ఒక్క సాయంత్రమే అయింది. నా కాగితం నాకు తిరిగి ఇవ్వమని అడిగాను. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. సంతకం మధ్యనుంచి చింపి, ముక్కలు నా కోటు జేబులో వేసుకున్నాను. డాక్టర్‌తో నేనే మాట్లాడతానన్నాను. మా ఆవిడ అడక్కుండానే సూట్‌కేస్ తీసుకెళ్ళి మేడమెట్ల పైన పెట్టి వచ్చింది.

ఇంకా కాస్త వెలుతురు ఉండగా ఆయన ట్వంటీ టూ తీశాడు. గొట్టం విప్పి నూనె గుడ్డలో చుట్టి ట్రక్‌లో పెట్టి, బార్న్ వెనక్కి వెళ్ళాడు. మేం ముగ్గురం వంటింట్లో ఉన్నాం. తుపాకి ఠప్పుమని, ఉన్న చోటునుంచే, ఉన్నంత మోతతో పేలింది. కప్పలు ఆగాయి. ఆవిడ బల్ల అంచున గింజ పెట్టలేదు. సూప్‌కి చిక్కుడు గింజలు ఏరడం కూడా ఆపలేదు. కప్పలు మళ్ళీ అందుకున్నాయి.

తర్వాత ఆయన మిట్ట మీదనుంచి చెరువువైపు దిగడం కిటికీలోంచి కనిపించింది. ఆవిడ యాప్రాన్ విప్పి కుర్చీ మీద వేసి, వెనక గుమ్మంలోంచి దిగింది. తొమ్మిదేళ్ళలో ఆమె అటువైపు వెళ్ళడం అదే మొదలని ఆయన తర్వాత చెప్పాడు. ఇద్దరూ రెండు వైపులనుంచి నడిచి కంచె దగ్గర కలిశారు. మసక వెలుతుర్లో ఎవరెవరో తెలియడం మానేసింది.

చెరువు మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుంది. ఒక్క ఈల కూడా మిగల్లేదు. నా దగ్గర మిషన్ లేదు, అవసరం కూడా లేకపోయింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. గింజల గిన్నె నా ముందే ఉంది. నేనొక గింజ తీసి బల్ల అంచున పెట్టాను. వాకిట్లో రెండు జతల బూట్లు దులుపుకునే చప్పుడు వినిపించేదాకా దాని మీదనుంచి వేలు తియ్యలేదు.